హీటు మీటరు ముల్లు ఎర్రలోకి పోతే ముందు ఛార్జింగ్ లైటు చూడండి

చిత్తూరు నుంచి బంగారుపాళ్యం దాటి మొగిలి ఘాటు ఎక్కేటప్పుడు, తిరుపతి నుంచి మదనపల్లె పోతూ భాకరాపేట ఘాటు ఎక్కేటప్పుడు, మే నెల మధ్యాహ్నాల్లో క్యాబిన్ ఎత్తి రోడ్డు పక్కన ఆగిపోయిన లారీలు కనిపిస్తూనే ఉంటాయి. ఏమైందన్నా అంటే వచ్చే జవాబు ఒకటే: బండి హీటెక్కింది. అయితే హీటెక్కడంలో రెండు రకాలున్నాయి. ఒకదాంట్లో ఇంజన్ వెంటనే ఆపేయాలి. ఇంకోదాంట్లో వెంటనే ఆపితేనే చేటు, కాసేపు ఐడిల్‌లో తిరగనివ్వాలి. ఈ రెండూ తారుమారైతే వెయ్యి, పదిహేను వందల బెల్టుతో పోయేది హెడ్డు (సిలిండర్ల పైన ఉండే ఇంజన్ మూత) విప్పేదాకా వస్తుంది. ఏ రకమో తేల్చేది ఫ్యాన్ బెల్టు. బెల్టు ఉందో తెగిందో సీట్లోంచి దిగకుండానే చెప్పేది డ్యాష్‌బోర్డు మీద బ్యాటరీ బొమ్మ ఉన్న ఎర్రలైటు, అదే ఛార్జింగ్ లైటు.

ఇంజన్ తిప్పే క్రాంక్ పుల్లీ నుంచి వచ్చే బెల్టు, నీళ్ళను తిప్పే వాటర్ పంపునీ, కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్‌నీ, చాలా ఇంజన్లలో ఫ్యానునీ తిప్పుతుంది. ఆల్టర్నేటర్‌ని మన షెడ్లలో ఇప్పటికీ డైనమో అనే అంటారు, ఇక్కడా అలాగే రాస్తాను. బెల్టు తెగితే మూడూ ఒక్కసారే ఆగిపోతాయి. డైనమో ఆగిన క్షణంలో ఎర్రలైటు వెలుగుతుంది. వోల్టు మీటరు ఉన్న బండిలో 27, 28 చూపించాల్సింది 24 దగ్గరికి జారుతుంది. నీళ్ళు వేడెక్కడానికి మాత్రం కొంచెం టైము పడుతుంది కాబట్టి ముల్లు తర్వాత లేస్తుంది. ఈ వరస గుర్తుపెట్టుకోండి: ముందు లైటు, వెనక ముల్లు. మధ్యలో దొరికే ఆ కొద్ది నిమిషాలే ఇంజన్‌ని కాపాడుకునే అవకాశం. లైటు వెలిగింది, ముల్లు ఇంకా మధ్యలోనే ఉంది కదా, పలమనేరు పోయి చూసుకుందాం అనుకునే డ్రైవరు ఆ అవకాశాన్ని చేజేతులా పోగొట్టుకుంటాడు.

లైటు వెలిగిందంటే బెల్టే తెగిందని కచ్చితంగా చెప్పలేం. డైనమోలో కార్బన్ బ్రష్షులు అరిగినా, రెగ్యులేటర్ పోయినా, వైరు ఊడినా వెలుగుతుంది. అప్పుడు బెల్టు తిరుగుతూనే ఉంటుంది, ముల్లు కదలదు, పగటిపూట నిదానంగా షెడ్డు దాకా పోవచ్చు. కానీ అది తేలేది బండి ఆపి బెల్టును కంటితో చూశాకే. ఇంకో సంగతి, కొన్ని ఇంజన్లలో వాటర్ పంపు గేరు మీద తిరుగుతుంది, బెల్టు మీద కాదు. అలాంటి బండిలో బెల్టు తెగినా నీళ్ళు తిరుగుతుంటాయి, వేడి మెల్లగా ఎక్కుతుంది. మీ ఇంజన్ ఏ రకమో ఎండాకాలం రాకముందే ఒకసారి క్యాబిన్ ఎత్తి చూసుకోండి. ఎయిర్ కంప్రెసర్ కూడా అంతే. చాలా లారీల్లో అది గేరు మీదే నడుస్తుంది కాబట్టి బెల్టు తెగినా బ్రేకుకు గాలి వస్తుంది. కంప్రెసర్ బెల్టు మీద నడిచే బండయితే గాలి మీటరు మీద కూడా ఒక కన్నుండాలి.

లైటూ ముల్లూ రెండూ చెబుతున్నాయంటే బెల్టు పోయింది, వాటర్ పంపు ఆగింది. ఇంజన్‌లో నీళ్ళు కదలడం లేదు. బండి పక్కకు తీసి ఇంజన్ వెంటనే ఆపేయండి. ఐడిల్‌లో పెట్టి చల్లార్చుదాం అనుకోవద్దు. నీళ్ళు తిరగని ఇంజన్ ఐడిల్‌లో కూడా హెడ్డును కాలుస్తూనే ఉంటుంది. టర్బో (ఇంజన్‌లోకి గాలి నెట్టే చక్రం) ఉన్న బండిని ఆపేముందు ఒకటి రెండు నిమిషాలు ఐడిల్ ఇవ్వాలన్న పాఠం మంచిదే, ఇక్కడ మాత్రం పనికిరాదు. బండి పక్కకు తీసి నిలపడానికి పట్టే టైమే టర్బోకు చాలు. హెడ్డు ముందు టర్బో చిన్న ఖర్చు.

లైటు వెలగలేదు, ముల్లు మాత్రం ఎర్రలోకి పోతోంది అంటే పంపు తిరుగుతోంది, నీళ్ళు పారుతున్నాయి. తడబడి ఇంజన్ ఆపేశారో, హెడ్డులో ఉన్న వేడికి అక్కడున్న నీళ్ళు అక్కడే మరిగి ఆవిరవుతాయి, ఇంజన్ ఆగినాక కూడా ముల్లు ఇంకా పైకి పోతుంది. లోడు దించాలి గానీ నీళ్ళు ఆపకూడదు. పక్కకు తీసి, న్యూట్రల్ చేసి, పార్కింగ్ బ్రేకు వేసి, ఏసీ ఆపి, 1000 నుంచి 1200 ఆర్‌పీఎంలో మూడు నుంచి అయిదు నిమిషాలు నడపండి. క్యాబిన్‌లో హీటరు ఉంటే ఫుల్లుగా పెట్టండి, అది కూడా ఒక చిన్న రేడియేటరే. ముల్లు దిగితే సరే. దిగకపోయినా, హోసు పగిలి నీళ్ళు కిందికి కారిపోతున్నా ఆపేయాల్సిందే. నీళ్ళు లేని ఇంజన్‌ను తిప్పి లాభం లేదు.

ముల్లును నమ్మడంలో ఒక మోసం ఉంది. సెన్సరు నీళ్ళల్లో మునిగి ఉన్నప్పుడే నిజం చెబుతుంది. నీళ్ళు పోయి అది గాల్లో మిగిలితే, ఎర్రలో ఉన్న ముల్లు ఉన్నట్టుండి కిందికి పడిపోతుంది. చల్లబడింది అనుకుని యాక్సిలేటర్ తొక్కితే ఇంజన్ పట్టేస్తుంది. ఘాటు ఎక్కుతూ ఉండగా ముల్లు దానంతటది దిగిందంటే అది మంచి కబురు కాదు, ఆగి నీళ్ళు చూసుకోమని అర్థం.

ఘాటులో ఆపడం కూడా ఒక పనే. వీలైనంత ఎడమకు, మలుపులో కాకుండా నిలిపి, ఇంజన్ ఆపాక ఫస్టు గేరులో పెట్టి, వెనక చక్రాలకు రాళ్ళో చెక్కలో అడ్డం వేయండి. హజార్డు లైట్లు వేసి, త్రికోణాన్ని మలుపుకు అవతల, వెనక నుంచి వచ్చేవాడికి ముందే కనపడేలా పెట్టండి. నేషనల్ హైవే మీద అయితే 1033 కు ఫోన్ చేస్తే సాయం వస్తుంది. ఇంజన్ ఆపి న్యూట్రల్‌లో కిందికి దొర్లించుకుంటూ ఊరు చేరదామనే ఆలోచన మాత్రం చచ్చినా చేయొద్దు. ఇంజన్ ఆగితే పవర్ స్టీరింగ్ ఉండదు, గాలి నిండదు, కొన్నిసార్లు బ్రేకు తొక్కేసరికి గాలి ట్యాంకులు ఖాళీ.

రేడియేటర్ మూత గురించి రెండు మాటలు. మూత మీద 1 బార్ ప్రెషర్ ఉంటే లోపలి నీళ్ళు సుమారు 120 డిగ్రీల దాకా మరగవు. మూత తిప్పగానే ఆ ప్రెషర్ పోతుంది, 110 డిగ్రీల నీళ్ళు ఒక్క క్షణంలో ఆవిరిగా పేలి మొహాన కొడతాయి. కనీసం అరగంట, వీలైతే ముప్పావుగంట ఆగండి. రేడియేటర్ పై హోసును (ఇంజన్‌కు పోయే రబ్బరు గొట్టం) చేత్తో నొక్కి చూడండి. రాయిలా గట్టిగా ఉంటే ఇంకా టైముంది. మెత్తగా లొంగితే తడి గోనెసంచి మూత మీద కప్పి, మొహం పక్కకు తిప్పి, మొదటి మెట్టు దాకా తిప్పి ఆపి, బుస్సుమనడం అయిపోయాక పూర్తిగా తీయండి. కాలిన ఇంజన్‌ మీద చల్లటి నీళ్ళు గుమ్మరించొద్దు, లోపలా పోయొద్దు. ఎర్రగా కాగిన పెనం మీద నీళ్ళు చల్లితే ఏమవుతుందో హెడ్డుకూ అదే అవుతుంది. చీలిక పడుతుంది.

ఇప్పుడు తెగిన బెల్టును పారేయకుండా చేతిలోకి తీసుకోండి. కొత్తది వేసేముందు పాతది ఎందుకు పోయిందో తేలాలి. లేకపోతే కొత్తది కూడా అదే దారిలో పోతుంది. వీ బెల్టు పక్కలు అద్దంలా నున్నగా మెరుస్తున్నాయంటే వదులుగా ఉండి జారుతూ కాలింది. పొద్దున స్టార్ట్ చేసినప్పుడు కీచుమని అరిచింది అదే. లోపలి వైపు అడ్డంగా గీతల్లా పగుళ్ళుంటే వయసూ వేడీ. ఒకే అంచు పీచులుగా లేచి ఉంటే పుల్లీలు ఒకే వరసలో లేవు, డైనమో బ్రాకెట్ వంగి ఉంటుంది లేదా బోల్టు వదులై ఉంటుంది. బెల్టు ఉబ్బి, వేలితో నొక్కితే మెత్తగా, నూనె వాసన వస్తుంటే క్రాంక్ సీలు నుంచో డీజిల్ పైపు నుంచో కారుతోంది. ఎక్కడా అరుగుదల లేకుండా కొత్తగానే ఉండి అడ్డంగా తెగిందంటే బిగించేటప్పుడు చేసిన తప్పు. బోల్టులు వదులు చేయకుండా స్క్రూడ్రైవరో రాడ్డో పెట్టి పుల్లీ అంచు మీదుగా లాగి ఎక్కించి ఉంటారు. లోపలి దారాలు అప్పుడే తెగుతాయి, పైకి కనపడవు, వారానికో నెలకో దెబ్బ తీస్తుంది. ఇది చాలా చోట్ల చూసే తప్పు, చాలా తేలిగ్గా మానుకోగలిగినది కూడా.

కొన్నిసార్లు బెల్టు తప్పేమీ ఉండదు. దాన్ని ఏదో ఒక పుల్లీ చంపి ఉంటుంది. బెల్టు లేని ఈ సమయమే పుల్లీలు పరీక్షించడానికి సరైనది. తాళం చెవి తీసి జేబులో వేసుకుని, వేడి తగ్గాక, ఒక్కో పుల్లీనీ చేత్తో తిప్పి చూడండి. డైనమో పుల్లీ సాఫీగా తిరగాలి, గరగర మనకూడదు. బెల్టుకు దారి చూపే ఐడ్లర్, దాన్ని బిగువుగా ఉంచే టెన్షనర్ పుల్లీలు గట్టిగా తిప్పి వదిలితే చప్పుడు లేకుండా తిరిగి ఆగాలి. గిరగిరా చాలాసేపు తిరిగితే గ్రీజు ఎండిపోయిందని అర్థం. వాటర్ పంపు పుల్లీని రెండు చేతులతో పట్టి ముందుకూ వెనక్కూ ఊపండి. ఆడితే బేరింగు పోయింది. పంపు అడుగున చిన్న బెజ్జం ఉంటుంది. అక్కడ కూలెంట్ ఎండిన తెల్లటి చారో రంగు చారో కనిపిస్తే సీలు పోయింది, పంపు మార్చాల్సిందే. ఏదైనా పుల్లీ కదలకుండా పట్టేసి ఉంటే దాని మీద కొత్త బెల్టు వేయొద్దు. కొద్దిసేపట్లోనే పొగలు కక్కి తెగిపోతుంది, మీ దగ్గరున్న ఒకే ఒక్క స్పేర్ కూడా పోతుంది. తెగిన బెల్టు ముక్క ఎగిరి కొట్టే దెబ్బలు కూడా చూడండి: కింది హోసు, సెన్సరు వైరు, ఫ్యాను రెక్కలు, రేడియేటర్ పైపులు. క్రాంక్ పుల్లీ వెనక దారాలు చుట్టుకుని ఉంటే ఒక్కటి కూడా మిగలకుండా లాగేయండి. అవి సీలులోకి దూరితే ఆయిల్ కారుతుంది.

స్పేర్ పార్ట్స్ షాపులో బండి మోడల్ చెప్పి బెల్టు అడగడం కంటే పాత బెల్టు వీపు మీదున్న నంబరు చెప్పడం మేలు. వీ బెల్టు మీద 13×1000 అని ఉంటే పై వెడల్పు 13 మి.మీ., పొడవు 1000 మి.మీ. గాళ్ళున్న చదును బెల్టు మీద 8పీకే1420 అని ఉంటే ఎనిమిది గాళ్ళు, 1420 మి.మీ. పొడవు. దగ్గరదగ్గరగా ఉంది సరిపోతుందిలే అని పొడవు ఎక్కువున్నది తీసుకుంటే టెన్షనరు చివరిదాకా పోయి పట్టు ఉండకపోవచ్చు. వీ బెల్టు గాడిలో పక్కల మీద కూర్చోవాలి, అడుగు తగలకూడదు. గాడి అడుగు మెరుస్తుంటే పుల్లీ అరిగింది, లేదా బెల్టు సన్నది. జత బెల్టులున్న బండిలో ఒకటే తెగినా రెండూ మార్చండి. సాగిన పాతది ఊరికే తిరుగుతుంటే బరువంతా కొత్తదాని మీదే పడుతుంది.

బిగింపు: ముందు బ్యాటరీ నెగటివ్ తీసేయండి, డైనమో వెనక స్పానర్ తగిలితే నిప్పులు లేస్తాయి. డైనమో కింది బోల్టు, పై పట్టీ బోల్టు రెండూ వదులు చేసి, డైనమోను ఇంజన్ వైపు నెట్టి, బెల్టును చేత్తోనే ఎక్కించండి. తర్వాత డైనమో బాడీ గట్టి భాగం మీద రాడ్డు ఆనించి లాగుతూ బోల్టు బిగించండి. రాడ్డును వెనక మూత మీద ఆనిస్తే అల్యూమినియం పగులుతుంది. రెండు పుల్లీల మధ్య అన్నిటికన్నా పొడవున్న చోట బొటనవేలితో గట్టిగా నొక్కితే బెల్టు 10 నుంచి 15 మి.మీ. దిగాలి. మీ బండి పుస్తకంలో వేరే కొలత ఉంటే అదే లెక్క. తీగలా బిగిస్తే అరవదు గానీ వాటర్ పంపు బేరింగూ డైనమో బేరింగూ తింటుంది. ఆటోమేటిక్ టెన్షనర్ ఉన్న బండిలో ఈ కొలత గొడవ లేదు. టెన్షనర్‌లో అర అంగుళం చదరపు రంధ్రం ఉంటుంది, అందులో రాచెట్ పెట్టి వెనక్కి తిప్పి బెల్టు వేసి వదలడమే. బెల్టు ఏ పుల్లీ పైనుంచి, దేని కింది నుంచి పోతుందో మాత్రం బెల్టు బాగున్నప్పుడే ఫోనులో ఫోటో తీసి పెట్టుకోండి. దారి తప్పు వేస్తే వాటర్ పంపు వెనక్కి తిరిగే ప్రమాదం కూడా ఉంది.

కొత్త బెల్టు అరగంట తిరిగాక సాగుతుంది. మొగిలిలో వేసుకుంటే పలమనేరులో టీకి ఆగినప్పుడు, ఇంజన్ ఆపి, మళ్ళీ బొటనవేలితో చూసి బిగించండి. అంతటితో చాలావరకు కుదురుకుంటుంది.

బెల్టు బాగానే ఉంది, అయినా హీటెక్కుతోంది అంటే వెతకాల్సిన చోట్లు వేరు. మన దగ్గర మొదటి నేరస్థుడు రేడియేటర్ ముందు భాగం. వరిగడ్డి, ఊక, గ్రానైట్ దుమ్ము, పురుగులు. టర్బో బండిలో రేడియేటర్ ముందు ఇంటర్‌కూలర్ (టర్బో గాలిని చల్లార్చేది) ఉంటుంది, రెండిటి మధ్య సందులో చెత్త దుప్పటిలా పేరుకుంటుంది, ముందు నుంచి చూస్తే శుభ్రంగానే ఉంటుంది. గాలి కొట్టేటప్పుడు ఇంజన్ వైపు నుంచి బయటికి కొట్టండి. ముందు నుంచి కొడితే చెత్త ఇంకా లోపలికి దిగబడుతుంది. నీళ్ళ గన్ను దగ్గర పెట్టి ఏటవాలుగా కొడితే రెక్కలు వంగిపోతాయి, ఎదురుగా, దూరం నుంచి కొట్టాలి.

ఆ తర్వాత హోసులు. ఇంజన్ వేడెక్కాక పై హోసు మీదా కింది హోసు మీదా చేయి వెనక భాగం ఆనీ ఆనకుండా చూడండి. పైది కాలుతూ కిందిది చల్లగా ఉంటే నీళ్ళు రేడియేటర్ గుండా పారడం లేదు. థర్మోస్టాట్ (వేడెక్కాక రేడియేటర్‌కు నీళ్ళ దారి తెరిచే కవాటం) తెరుచుకోలేదు, లేదా రేడియేటర్ పైపులు గారతో మూసుకుపోయాయి. థర్మోస్టాట్‌ను తీసి గిన్నెలో నీళ్ళల్లో వేసి స్టౌ మీద పెట్టి, దాని మీద రాసిన డిగ్రీలకు, సాధారణంగా 82 దగ్గర, నోరు తెరుస్తుందో లేదో థర్మామీటర్‌తో చూడండి. పోతే మార్చండి, తీసేసి నడపొద్దు. ఎండాకాలం థర్మోస్టాట్ అక్కర్లేదు అనేది మన షెడ్లలో పాతుకుపోయిన మాట. బైపాస్ దారి ఉన్న ఇంజన్లలో థర్మోస్టాట్ తెరుచుకున్నప్పుడే బైపాస్ మూసుకుంటుంది. దాన్ని తీసేస్తే చాలా నీళ్ళు రేడియేటర్‌కు పోకుండా ఇంజన్‌లోనే తిరుగుతాయి, ఘాటులో ఇంకా హీటెక్కుతుంది.

రేస్ చేసినప్పుడు కింది హోసు చప్పిడిగా అతుక్కుపోతే లోపలి స్ప్రింగు తుప్పు పట్టి పోయింది. విస్కస్ ఫ్యాను (వేడికి పట్టు బిగించే క్లచ్ ఉన్న ఫ్యాను) ఉన్న బండిలో, ఇంజన్ బాగా వేడిగా ఉండగా ఆపి ఫ్యానును చేత్తో తిప్పితే బరువుగా ఆడాలి. రెండు మూడు చుట్లు ఊరికే తిరిగిందంటే క్లచ్ పోయింది.

మన బోరు నీళ్ళు రేడియేటర్‌కు శత్రువు. టీ గిన్నెలో పట్టే తెల్లటి గారే లైనర్ (పిస్టన్ ఆడే ఇనుప గొట్టం) చుట్టూ పడుతుంది, ఇనుముకూ నీళ్ళకూ మధ్య కంబళి కప్పినట్టు. డిస్టిల్డ్ వాటర్, కూలెంట్ సగం సగం కలిపి పోయండి. కూలెంట్ వేడికి మాత్రమే అనుకోవద్దు. లైనర్ అదురుకు నీళ్ళల్లో పుట్టి పగిలే బుడగలు ఇనుమును గుంటలు గుంటలుగా తినేస్తాయి, కూలెంట్‌లోని మందు ఆ తినడాన్ని ఆపుతుంది. మరగడం సంగతి కూడా ఉంది. పలమనేరు సుమారు 680 మీటర్ల ఎత్తు, అక్కడ ఉత్త నీళ్ళు మూత లేకుండా 98 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. మూత రబ్బరు పగిలి ప్రెషర్ నిలవని బండి తిరుపతిలో బాగానే ఉండి ఘాటు పైన పొంగడానికి ఇదొక కారణం. మూత ఖరీదు తక్కువ, ఏడాదికోసారి మార్చేయండి.

ఒకసారి బాగా కాగిన ఇంజన్‌ను మళ్ళీ లోడుకు పెట్టేముందు హెడ్ గ్యాస్కెట్ (హెడ్డు కింద ఉండే సీలు) చూడాలి. డిప్‌స్టిక్ తీస్తే ఆయిల్ పాలు కలిపిన టీ రంగులో ఉంటే స్టార్టే చేయొద్దు. బాగుంటే చల్లటి ఇంజన్‌లో నీళ్ళు నిండుగా పోసి, మూత తీసి స్టార్ట్ చేయండి. మొదట వచ్చే నాలుగు గాలి బుడగలు మామూలే. ఆగకుండా బుడగలు వస్తూ ఉంటే, లేదా మూత పెట్టిన నిమిషంలోపే ఇంకా చల్లగానే ఉన్న పై హోసు గట్టిపడితే, సిలిండర్ గ్యాసు నీళ్ళలోకి వస్తోంది. అక్కడినుంచి టోయింగే దారి.

ఇక ఘాటు ఎక్కడం. టాప్ గేరులో ఈడ్చుకుంటూ 1000 ఆర్‌పీఎంలో ఎక్కితే డీజిల్ మిగులుతుందని కొందరంటారు. ఆ వేగంలో ఫ్యానూ పంపూ కూడా నెమ్మదిగానే తిరుగుతాయి, ఇంజన్ మీద మాత్రం బరువంతా ఉంటుంది. భాకరాపేట మలుపులు మొదలుకాకముందే ఒక గేరు తగ్గించి, ఆర్‌పీఎంను మీటరు మీది పచ్చగీతలో ఉంచి ఎక్కండి. నీళ్ళు జోరుగా తిరుగుతాయి, గాలి ఎక్కువ లాగుతుంది. ముల్లు ఎప్పుడూ ఉండే చోటు నుంచి ఒక సూది మందం కదిలినా ముందు ఏసీ ఆపండి, ఇంకో గేరు దించండి, ఎర్రలైటు వైపు చూడండి.